సిమెంటు కిల్న్ వేడితో కరెంటు: 8 మెగావాట్లు నిజంగా వస్తాయా?

ప్రశ్న: సార్, పల్నాడులో ఒక సిమెంటు ప్లాంటులో ప్రాసెస్ ఇంజినీర్‌ని. రోజుకు 5,000 టన్నుల క్లింకర్ (పొడి చేస్తే సిమెంటయ్యే గట్టి ఉండలు) చేసే కిల్న్, అంటే రాతిపొడిని కాల్చే కొలిమి. దాని వేడి గ్యాస్‌తో ఆ పొడిని ముందే వేడి చేసే ఐదు స్టేజీల ప్రీహీటర్, దాని పైన గ్యాస్ 310 డిగ్రీలు. మా వాళ్లు వేస్ట్ హీట్ రికవరీ (డబ్ల్యూహెచ్‌ఆర్), అంటే వృథాగా పోయే వేడితో ఆవిరి చేసి టర్బైన్‌తో కరెంటు తీసే ఏర్పాటు పెట్టాలనుకుంటున్నారు. వెండర్ 8 మెగావాట్లు ఖాయమంటున్నాడు. 'ఉచిత కరెంటు, ప్లాంటు గ్రీన్ అయిపోతుంది' అని ప్రెజెంటేషన్ కూడా ఇచ్చాడు. నిజంగా అంత వస్తుందా? కార్బన్ ఎంత తగ్గుతుంది? వేసవిలో మాకు నీళ్ల టెన్షన్ ఎలాగూ ఉంది.

సమాధానం:

సూటిగా చెప్పాలంటే 5 నుంచి 6 మెగావాట్ల మధ్య లెక్క వేసుకోండి. 8 రావాలంటే మీ గ్యాస్ ఇప్పుడున్నదాని కన్నా చాలా వేడిగా ఉండాలి, లేదంటే టర్బైన్ కోసమని కిల్న్‌లో అదనంగా బొగ్గు మండించాలి. ఈ రెండో సంగతి గురించే కొంచెం ఎక్కువ రాస్తాను. వెండర్ దాని ఊసెత్తడు. ప్లాంటు నడవడం మొదలయ్యాక మన వాళ్లే తెలియకుండా అందులోకి జారుకుంటారు.

ముందు ఆ 8 ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. మీలాంటి కిల్న్ కిలో క్లింకర్‌కు దాదాపు 730 కిలో కేలరీల వేడి తీసుకుంటుంది. సున్నపురాయిని క్లింకర్‌గా మార్చడానికి సిద్ధాంతపరంగా కావలసింది 420 దాకానే. మిగిలినదాంట్లో పెద్ద వాటా రెండు చోట్ల పోతుంది: ప్రీహీటర్ పైనుంచి వెళ్లే గ్యాస్‌లో 165 పైచిలుకు, వేడి క్లింకర్‌ను గాలితో చల్లార్చే కూలర్ నుంచి బయటికి వదిలే గాలిలో 100 దాకా. కిల్న్ షెల్ (పై ఉక్కు గొట్టం) నుంచి పోయేది వేరే. మీ ఉత్పత్తితో గుణిస్తే ప్రీహీటర్ గ్యాస్‌లోనే 40 మెగావాట్ల వేడి, కూలర్‌లో మరో 24 మెగావాట్లు. మొత్తం 64. ఈ అంకెను స్లైడ్ మీద చూసినవాళ్లకు 8 మెగావాట్ల కరెంటు చాలా చిన్న కోరికలాగే కనిపిస్తుంది.

అయితే ఆ వేడంతా మనం తీసుకోవడానికి లేదు. ప్రీహీటర్ గ్యాస్ ఇప్పుడు ఊరికే చిమ్నీలోకి పోవడం లేదు కదా, రాయిని పొడి చేసే రా మిల్‌లో సున్నపురాయిని ఆరబెడుతోంది. బాయిలర్ పెట్టాక కూడా మిల్‌కు 220 డిగ్రీల దాకా వేడి వదిలిపెట్టాలి. అంటే 310 లోంచి మీరు వాడుకునేది 90 డిగ్రీలే. గంటకు 3.1 లక్షల ఘనమీటర్ల గ్యాస్ వస్తుందనుకుంటే అందులోంచి చేతికొచ్చేది 12 మెగావాట్ల వేడి. కూలర్‌లో మొత్తం వెంట్ గాలిని కాకుండా మధ్యలో ట్యాపింగ్ పెట్టి వేడి గాలిని మాత్రమే లాగితే 350 డిగ్రీలు దొరుకుతుంది. దాన్ని 110 దాకా చల్లార్చవచ్చు కాబట్టి అక్కడ 14 నుంచి 15 మెగావాట్లు. రెండూ కలిపి 26.

ఇక కరెంటు. 310 డిగ్రీల దగ్గర వేడి తీసుకుని 42 డిగ్రీల దగ్గర వదిలేసే ఏ యంత్రానికైనా ప్రకృతి పెట్టిన గరిష్ఠ పరిమితి 46 శాతం. అది కాగితం మీది పరిమితి. గ్యాస్ చల్లారే కొద్దీ దాని విలువ పడిపోతుంది, ఆవిరి పీడనం 10-15 బార్లు దాటదు, టర్బైన్ చిన్నది. ఇవన్నీ పోగా 20-21 శాతం వస్తే మంచి ప్లాంటు అన్నట్టే. 26 మెగావాట్ల వేడికి 5.5 మెగావాట్ల కరెంటు. ప్లాంటు సొంతానికి పంపులు, ఫ్యాన్లు తినేది తీసేస్తే నికరంగా 5.

ఇప్పుడు ప్రీహీటర్ గ్యాస్ 350 లోపలికి, 200 బయటికి అని వేసి, కూలర్ గాలి కూడా కాస్త ఎక్కువ చూపించి లెక్క కట్టండి. సరిగ్గా 8 వస్తుంది. మీ వెండర్ అబద్ధం చెప్పలేదు, నాలుగు స్టేజీల పాత ప్రీహీటర్ లెక్కను మీ ముందు పెట్టాడంతే. అతని హీట్ బ్యాలెన్స్ షీట్ తెప్పించుకుని ఈ రెండు ఉష్ణోగ్రతలు ఎంత రాశాడో చూడండి. బయటికి 200 అని ఉంటే, ఆగస్టులో తడి సున్నపురాయితో మిల్ ఎలా నడుస్తుందని అడగండి.

వేడి ఎంత ఉందన్నది కాదు, ఎంత ఉష్ణోగ్రత దగ్గర ఉందన్నదే అసలు విషయం. గంగాళం నిండా గోరువెచ్చటి నీళ్లున్నా వాటితో టీ కాయలేం. ఇనుప ఖనిజం నుంచి ఇనుము తీసే స్పాంజ్ ఐరన్ వాళ్లను చూడండి. వాళ్ల కిల్న్ నుంచి గ్యాస్ 950 డిగ్రీల పైన వస్తుంది కాబట్టి రోజుకు 100 టన్నుల చిన్న కిల్న్‌తోనే 2 మెగావాట్లు తీస్తారు. మీ దగ్గర ప్రతి 100 టన్నులకు వచ్చేది 0.11 మెగావాట్. వైజాగ్ స్టీల్ ప్లాంటులో ఎర్రగా కాలుతున్న కోక్‌ను నీళ్లు పోసి చల్లార్చకుండా నైట్రోజన్‌తో చల్లార్చి ఆ వేడితో ఆవిరి తీసే ఏర్పాటు డిజైన్‌లోనే ఉంది. తర్వాత జపాన్ సంస్థ నెడో సహకారంతో సింటర్ (కాల్చి గడ్డ కట్టించిన ఇనుప ఖనిజం) కూలర్ల వేడి మీద 20.6 మెగావాట్ల యూనిట్ కూడా పెట్టారు. సిమెంటులో వేడి ఇవన్నీ చూశాక కొంచెం పేదదే అనిపిస్తుంది, ఆధునిక ప్రీహీటర్ అయితే మరీనూ.

అలాగని ఇది పనికిరానిదని కాదు, మనకు కొత్తదీ కాదు. జపాన్‌లో కుమగాయా సిమెంటు ప్లాంటులో 1982 లోనే 15 మెగావాట్ల యూనిట్ నడిచింది. మన దేశంలో సిమెంటు రంగంలో తొలి పెద్ద ప్రయత్నం మీకు కృష్ణకు అవతలి ఒడ్డునే జరిగింది. నల్లగొండ జిల్లా విష్ణుపురంలో ఇండియా సిమెంట్స్ 2004 లో 7.7 మెగావాట్ల ప్లాంటు పెట్టింది, అదీ నెడో సాయంతోనే. ఆ తర్వాత తాడిపత్రిలో అల్ట్రాటెక్ వాళ్లు నీటి ఆవిరికి బదులు సేంద్రియ ద్రవంతో నడిచే ఓఆర్‌సీ రకం పెట్టారు. 2014 లో ప్రపంచ బ్యాంకు గ్రూపు సంస్థ ఐఎఫ్‌సీ లెక్క తీసేనాటికి చైనాలో 739 సిమెంటు యూనిట్లుంటే మన దగ్గర 26 మాత్రమే. ఆ తర్వాత మన వాళ్లూ బాగానే పుంజుకున్నారు, ఇవాళ పెద్ద కంపెనీల కిల్న్‌లు చాలావాటికి ఇది ఉంది. అనుభవం ఉన్న మనుషులు, విడిభాగాలు, సర్వీసు అన్నీ దొరుకుతాయి. ఆ విషయంలో భయం అక్కర్లేదు.

ఇప్పుడు ముందు అన్న బొగ్గు సంగతికి వస్తాను. డబ్ల్యూహెచ్‌ఆర్ పెట్టకముందు ప్రీహీటర్ పైన 310 డిగ్రీలు చూస్తే ప్రాసెస్ వాళ్లకు నిద్ర పట్టదు. సైక్లోన్ (ప్రీహీటర్‌లో గ్యాస్‌ను, పొడిని విడదీసే గది) డిప్ ట్యూబ్ (దాంట్లోంచి గ్యాస్ బయటికెళ్లే గొట్టం) కాలిపోయిందేమో, టిప్పింగ్ వాల్వ్ (పొడిని కిందికి వదిలే తలుపు) సరిగ్గా మూసుకోవడం లేదేమో అని వెతుకుతారు. దాన్ని 295 కు దించితే మెచ్చుకుంటారు. టర్బైన్ వచ్చాక సీన్ మారిపోతుంది. పొద్దున మీటింగ్‌లో మొదటి ప్రశ్న "నిన్న డబ్ల్యూహెచ్‌ఆర్ లోడ్ ఎంత?" అవుతుంది. 325 డిగ్రీలకు పోతే లోడ్ పెరుగుతుంది, అందరూ సంతోషిస్తారు. కిల్న్ వైపు కిలోకు 15 కిలో కేలరీల బొగ్గు ఎక్కువ పోతోందన్నది నెలాఖరు రిపోర్టులో ఎక్కడో ఉంటుంది. నేను ఆడిట్‌కు వెళ్లిన ఒక ప్లాంటులో డిప్ ట్యూబ్ సెగ్మెంట్లు ఊడిపోయి చాలాకాలమైనా మార్చలేదు. స్టోర్స్‌లో కొత్తవి ఉన్నాయి. మారిస్తే టర్బైన్ లోడ్ పడిపోతుందని పవర్ ప్లాంట్ వాళ్ల అభ్యంతరం!

ఇది ఎంత నష్టమో చిన్న లెక్క చూడండి. ఒక యూనిట్ కరెంటు అంటే 860 కిలో కేలరీలు. 20 శాతం సామర్థ్యంతో తీయాలంటే 4,300 కిలో కేలరీలు కావాలి. అదే బొగ్గును మామూలు క్యాప్టివ్ పవర్ ప్లాంటులో, అంటే ఫ్యాక్టరీ సొంత బొగ్గు కరెంటు ప్లాంటులో మండిస్తే 3,000 కిలో కేలరీలకు కాస్త అటూ ఇటూగా ఒక యూనిట్ వస్తుంది. అంటే టర్బైన్ కోసం కిల్న్‌లో వేసిన ప్రతి కిలో బొగ్గూ క్యాప్టివ్ ప్లాంటులో కన్నా తక్కువ కరెంటిచ్చి, అంతే పొగ ఇస్తుంది. ఎలాగూ పోయే వేడితో వచ్చే కరెంటు బంగారం. పోగొట్టడం కోసం పుట్టించిన వేడితో వచ్చేది దండగ. మీటర్ మీద మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి.

అందుకే క్రమం ఇలా పెట్టుకోండి. మొదట వేడి నష్టం తగ్గించండి. తర్వాత వేడిని వేడిగానే వాడగలరేమో చూడండి. స్లాగ్ (ఇనుము తీశాక మిగిలే తెట్టు) ఆరబెట్టడం, చెత్త నుంచి వచ్చే ఆర్‌డీఎఫ్ ఇంధనంలో తడి తీయడం లాంటివాటికి ఇప్పుడు విడిగా హాట్ ఎయిర్ జనరేటర్‌లో బొగ్గు మండిస్తుంటే, ఆ పనికి కూలర్ గాలిని మళ్లించడం కరెంటు తీయడం కన్నా లాభం. అక్కడ 20 శాతం గొడవే లేదు, వేడి మొత్తం పనికొస్తుంది. ఆ రెండూ అయ్యాక మిగిలిన వేడికే బాయిలర్ సైజు కట్టండి. ముందు బాయిలర్ పెట్టి తర్వాత కిల్న్ బాగు చేస్తే, బాగు చేసిన ప్రతిసారీ టర్బైన్ ఖాళీగా తిరుగుతుంది.

నష్టం తగ్గించడంలో మొదటిది ఫాల్స్ ఎయిర్, అంటే సందుల్లోంచి లోపలికి చొరబడే బయటి గాలి. దీనికి కన్సల్టెంట్ అక్కర్లేదు, చేతిలో పట్టుకునే ఆక్సిజన్ అనలైజర్ చాలు. ప్రీహీటర్ కింద ఆక్సిజన్ 2.5 శాతం, పైన సైక్లోన్ బయట 5 శాతం ఉందనుకోండి. పెరిగిన 2.5 ని, 21 లోంచి 5 తీసేసిన 16 తో భాగించండి. దాదాపు 16 శాతం గాలి మధ్యలో ఫ్లాప్‌ల నుంచి, ఇన్‌స్పెక్షన్ డోర్ల నుంచి దొంగతనంగా లోపలికి వస్తోందన్నమాట. ఆ చల్ల గాలి గ్యాస్ పరిమాణాన్ని పెంచి ఉష్ణోగ్రతను దించుతుంది, గ్యాస్‌ను లాగే ఐడీ ఫ్యాన్ కరెంటు తింటుంది. వాపు చూసి బలుపనుకున్నట్టు, గ్యాస్ ఫ్లో ఎక్కువుందని పెద్ద బాయిలర్ ఆర్డర్ చేసిన వాళ్లున్నారు. వెండర్ కొలత తీసుకునే ముందే ఈ లీకులు కట్టేయండి.

రెండో కొలత ప్లాంటు పెట్టిన తర్వాత చేసేది, అయినా ఇప్పుడే తెలుసుకుని ఉండటం మంచిది. ప్రీహీటర్ బాయిలర్‌కు పక్కన బైపాస్ డక్ట్, దానికో డ్యాంపర్ (దారి మూసే తలుపు) ఉంటాయి. కంట్రోల్ రూమ్ (సీసీఆర్) స్క్రీన్ మీద అది సున్నా శాతం చూపిస్తుంది, అందరూ మూసుకుందనుకుంటారు. బాయిలర్‌లోకి 310, బాయిలర్ బయట 215, రెండు దారులూ కలిసిన తర్వాత ఐడీ ఫ్యాన్ ముందు 235 ఉందనుకోండి. 235 లోంచి 215 తీస్తే 20, 310 లోంచి 215 తీస్తే 95; ఆ 20 ని 95 తో భాగించండి. అంటే గ్యాస్‌లో ఐదో వంతు బాయిలర్ ముఖమే చూడకుండా మూసి ఉన్న డ్యాంపర్ సందుల్లోంచి వెళ్లిపోతోంది. మధ్యలో చల్ల గాలి కలిస్తే అసలు లీకేజీ ఇంకా ఎక్కువే. మూడు థర్మోకపుల్స్ (ఉష్ణోగ్రత కొలిచేవి) చెప్పే సంగతి ఇది, అయినా నెలల తరబడి ఎవరూ చూడని ప్లాంట్లున్నాయి. ఆర్డర్‌లో డ్యాంపర్ నాణ్యత మీద పట్టుబట్టండి. అక్కడ ఆదా చేసే పది లక్షలు తర్వాత ప్రతి ఏడూ పోతాయి.

దుమ్ము సంగతి మీకు చెప్పేదేముంది. ప్రీహీటర్ గ్యాస్‌లో ఉండేది మెత్తటి పొడి, ట్యూబులకు పొరలా అంటుకుంటుంది. దాన్ని దులపడానికి హ్యామర్లు కొడుతూనే ఉండాలి. బాయిలర్ ఔట్‌లెట్ 220 నుంచి వారంలో 235 కు ఎక్కిందంటే టర్బైన్ వైపు చూడకండి, హ్యామరింగ్ దగ్గరికి ఒక మనిషిని పంపి ఏ వరుస చప్పుడు చేయడం లేదో వినమనండి. కూలర్ వైపు దుమ్ము దీనికి పూర్తిగా వేరు. అది అంటుకోదు, ఇసుక కాగితంలా ట్యూబులను అరగదీస్తుంది. కూలర్ వైపు పెట్టే ఏక్యూసీ బాయిలర్ ముందు దుమ్ము దిగిపోయే గది సరైన సైజులో లేకపోతే రెండేళ్లకే ట్యూబులు పగలడం మొదలవుతుంది. ఐడీ ఫ్యాన్ గురించి మీ మెకానికల్ వాళ్లు భయపెడతారు. బాయిలర్ అడ్డం వస్తే నీటి మట్టం కొలతలో 70 నుంచి 100 మిల్లీమీటర్ల డ్రాఫ్ట్ (గ్యాస్‌ను లాగే బలం) అదనంగా కావాల్సిన మాట నిజమే. కానీ 310 నుంచి 220 కు చల్లారిన గ్యాస్ పరిమాణం 15 శాతం తగ్గుతుంది. రెండూ చాలావరకు చెల్లుకు చెల్లు. ఫ్యాన్‌కు ఆ మార్జిన్ ఉందో లేదో మాత్రం చూసుకోండి.

నీళ్ల గురించి మీ టెన్షన్ న్యాయమైనదే. 26 మెగావాట్ల వేడి తీసుకుని 5.5 కరెంటు చేస్తే మిగిలిన 20 మెగావాట్లు ఎక్కడో వదలాలి. కూలింగ్ టవర్‌లో వదిలితే గంటకు 30 టన్నుల నీళ్లు ఆవిరైపోతాయి. రోజుకు 7 లక్షల లీటర్లు, బ్లోడౌన్ (లవణాలు పేరుకోకుండా వదిలేసే నీళ్లు) కలిపితే 9 లక్షల దాకా. పెద్ద థర్మల్ ప్లాంటుతో పోలిస్తే యూనిట్‌కు ఖర్చయ్యే నీళ్లు రెట్టింపు, ఎందుకంటే సామర్థ్యం సగమే. ఇప్పుడు మీరు గ్యాస్‌ను చల్లార్చడానికి గ్యాస్ కండిషనింగ్ టవర్‌లో చల్లే నీళ్లలో కొంత మిగులుతుంది గానీ లోటు పూడ్చేంత కాదు.

టర్బైన్ నుంచి వచ్చిన ఆవిరిని తిరిగి నీరు చేయడానికి గాలితో చల్లార్చే కండెన్సర్ పెడితే నీళ్ల బాధ దాదాపు పోతుంది, మరో బాధ వస్తుంది. మీ పక్కనే రెంటచింతల ఉంది, మే నెల ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. బయట 44-45 డిగ్రీలున్న మధ్యాహ్నం కండెన్సర్‌లో ఆవిరి 60 డిగ్రీల దగ్గర గానీ నీరవదు. అప్పుడు లోపలి పీడనం 0.2 బార్. డిసెంబర్ రాత్రి 46 డిగ్రీల దగ్గర నీరైనప్పుడు అది 0.1 బార్. ఈ తేడాకే టర్బైన్ లోడ్ పది శాతం దాకా పడిపోతుంది, పైగా ఫ్యాన్లు తినే కరెంటు ఎక్కువ. అయినా మీ చోట నేనైతే గాలి కండెన్సరే ఎంచుకుంటాను. కాస్త పెద్ద సైజు తీసుకుంటే వేసవి నష్టం తగ్గుతుంది. నీళ్లు దొరకక ఏప్రిల్, మే నెలల్లో టర్బైన్ ఆపుకోవడం కన్నా పది శాతం తక్కువతో నడవడం మేలు. ఊరి బోర్లతో పోటీ పడ్డామన్న మాటా రాదు.

ఓఆర్‌సీ గురించి ఎవరైనా చెప్తే వినండి, కొట్టిపారేయకండి. తక్కువ ఉష్ణోగ్రతలో, లోడ్ ఎక్కువ తక్కువ అయ్యే చోట అది ఓపికగా నడుస్తుంది. మనుషులు తక్కువ చాలు. కానీ మెగావాట్‌కు ధర ఎక్కువ, పెంటేన్ లాంటి ద్రవం వాడితే నిప్పు జాగ్రత్తలు వేరే స్థాయిలో ఉండాలి. 5 మెగావాట్ల సైజులో, మన దేశంలో ఆవిరి ప్లాంటే చవక.

డబ్బుల దగ్గరికి వద్దాం. మెగావాట్‌కు 11 కోట్లు వేసుకుంటే 60 కోట్లు. నికరంగా 5 మెగావాట్లు, ఏడాదికి 330 రోజులు నడిస్తే దాదాపు 4 కోట్ల యూనిట్లు. గ్రిడ్ నుంచి యూనిట్ 7 రూపాయలకు కొంటున్నారనుకుని, నిర్వహణకు 70 పైసలు తీసేస్తే ఏడాదికి 25 కోట్ల ఆదా. రెండున్నరేళ్లలో పెట్టుబడి వెనక్కి. వెండర్ స్లైడ్ ఇక్కడ ఆగిపోతుంది. అయితే మీ సొంత బొగ్గు ప్లాంటు ఉండి దాని ఖర్చు యూనిట్‌కు 5 రూపాయలైతే మిగిలేది 17 కోట్లే, మూడున్నరేళ్లు పడుతుంది. అసలు గుండె దడ పుట్టించేది 330 అన్న అంకె. దక్షిణాదిలో సిమెంటు సామర్థ్యం డిమాండ్‌ను మించిపోయి, దేశంలోకెల్లా ఇక్కడే ప్లాంట్లు తక్కువగా నడుస్తున్నాయి. స్టాక్ నిండిపోయి మీ కిల్న్ ఏడాదికి 220 రోజులే నడిస్తే 4 కోట్ల యూనిట్లు 2.7 కోట్లవుతాయి. బొగ్గు ప్లాంటు లెక్కలో అప్పుడు ఐదేళ్లు దాటుతుంది. కిల్న్ ఆగితే టర్బైన్ ఆగుతుంది, దానికి వేరే దిక్కు లేదు. గత మూడేళ్లలో మీ కిల్న్ ఎన్ని రోజులు నడిచిందో తీసి, ఆ సగటుతో లెక్క వేయించండి. ఈ ఒక్క మార్పుతో చాలా ప్రతిపాదనల రంగు తేలిపోతుంది.

కార్బన్ గురించి అడిగారు. గ్రిడ్ కరెంటు యూనిట్‌కు మన దేశంలో సగటున 0.72 కిలోల కార్బన్ డయాక్సైడ్ లెక్క. 4 కోట్ల యూనిట్లకు ఏడాదికి 28-29 వేల టన్నులు తగ్గుతుంది. వినడానికి పెద్ద అంకె. మీ కిల్న్ ఏడాదికి చేసే క్లింకర్ 16.5 లక్షల టన్నులు. టన్నుకు 0.83 టన్నుల చొప్పున బయటికి వచ్చే కార్బన్ డయాక్సైడ్ 13.7 లక్షల టన్నులు. అంటే తగ్గింది 2 శాతం పైచిలుకు. బొగ్గు ప్లాంటు కరెంటును తగ్గిస్తే 3 శాతం అవుతుంది. అంతకు మించి రాదు. క్లింకర్ నుంచి వచ్చేదాంట్లో 60 శాతం పైగా బొగ్గుది కాదు, సున్నపురాయి విడిపోయినప్పుడు రాయిలోంచే వచ్చేది. ఏ టర్బైనూ దాన్ని ముట్టుకోలేదు.

అదే సిమెంటులో క్లింకర్ వాటా ఇప్పుడు 70 శాతం ఉండి, దాన్ని 68.5 కు దించగలిగితే తగ్గే కార్బన్ దాదాపు ఈ 60 కోట్ల ప్రాజెక్టు తగ్గించినంత. ఫ్లైయాష్ సిమెంటులో బూడిద 35 శాతం దాకా, స్లాగ్ సిమెంటులో స్లాగ్ 70 శాతం దాకా మన ప్రమాణాలే ఒప్పుకుంటున్నాయి. కాల్చిన బంకమట్టి, సున్నపురాయి కలిపే ఎల్‌సీ3 రకానికి కూడా 2023 లో భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ ప్రమాణం వచ్చింది. కాబట్టి మీ యాజమాన్యం 'గ్రీన్' అన్న బోర్డు కోసం ఇది పెడుతుంటే ముందు బ్లెండింగ్, అంటే క్లింకర్‌లో ఇలాంటివి కలిపే పని దగ్గర కూర్చోమనండి. డబ్బు కోసం పెడుతుంటే నిస్సంకోచంగా పెట్టమనండి, ఆ 2 శాతం కొసరుగా వస్తుంది.

ఆ కొసరుకు కూడా ఇప్పుడు ధర పలికే రోజులొచ్చాయి. ఫ్యాక్టరీలకు ఇంధన పొదుపు లక్ష్యాలు పెట్టే పాత పాట్ పథకం స్థానంలో కేంద్రం 2023 లో కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకం నోటిఫై చేసింది. 2025 అక్టోబర్‌లో సిమెంటుతో సహా నాలుగు రంగాలకు, టన్ను ఉత్పత్తికి ఇంత ఉద్గారం అని ప్లాంటు వారీగా లక్ష్యాలు పెట్టింది. మీరు కొనే కరెంటు తగ్గితే ఆ లెక్కలో మీకు కలిసొస్తుంది. మీ ప్లాంటు లక్ష్యం ఎంతో, దానికి ఈ 2 శాతం ఎంత దగ్గర చేస్తుందో మీ ఎనర్జీ మేనేజర్‌ను అడిగి చూడండి. క్రెడిట్ అమ్మితే ఇంత వస్తుందని రాబడిలో ముందే కలిపి చూపిస్తే మాత్రం ఆ వరుస కొట్టేయండి. గ్రిడ్‌లో సోలార్ పెరిగే కొద్దీ యూనిట్‌కు 0.72 అన్న అంకె కూడా కిందికి దిగుతుంది. అయితే డబ్ల్యూహెచ్‌ఆర్‌కు సోలార్‌కు లేని సుగుణం ఒకటుంది, రాత్రి రెండు గంటలప్పుడూ అదే లోడ్ ఇస్తుంది. రెండూ ఉన్న ప్లాంటులో బొగ్గు యూనిట్‌ను పూర్తిగా ఆపేసుకునే వీలు చిక్కుతుంది.

ఇక వెండర్‌తో మాట్లాడేటప్పుడు ఒట్టి మెగావాట్ల గ్యారంటీ తీసుకోకండి. లోపలికి వచ్చే గ్యాస్ ఉష్ణోగ్రత, పరిమాణం, బయటి వాతావరణం ఎంత ఉంటే ఎంత లోడ్ అన్న కరెక్షన్ కర్వులతో సహా గ్యారంటీ రాయించుకోండి. డిజైన్ పాయింట్ 310 డిగ్రీలు కాదు, లీకులు కట్టి డిప్ ట్యూబులు మార్చాక వచ్చే 295-300 పెట్టించండి. నికర కరెంటు మీద గ్యారంటీ ఉండాలి, జనరేటర్ టెర్మినల్ దగ్గరి అంకె మీద కాదు. పరీక్ష వేసవిలో ఒకసారి, వానాకాలంలో రా మిల్ పూర్తి లోడ్‌లో ఉన్నప్పుడు ఒకసారి జరగాలి. మీ వైపు నుంచి, డబ్ల్యూహెచ్‌ఆర్ యూనిట్ల పక్కనే కిలో క్లింకర్‌కు కిలో కేలరీలు ఎన్నో అదే రోజువారీ రిపోర్టులో, అదే వరుసలో పెట్టించండి. రెండు అంకెలకూ ఒకే అధికారి జవాబుదారీ అయితే డిప్ ట్యూబులు స్టోర్స్‌లో పడి ఉండవు.

ఫాల్స్ ఎయిర్ కొలతలు, కూలర్ వెంట్ ఉష్ణోగ్రత, రా మిల్ తేమ నెలవారీగా తీసి ఇక్కడ పెట్టండి. బాయిలర్‌కు నిజంగా ఎంత మిగులుతుందో కలిసి లెక్క కడదాం. వెండర్ కొలతలకు వచ్చే తేదీ కన్నా ముందే అయితే ఇంకా మంచిది.